తెల్ల బంగారం అని రాసేముందు రాయి పేరు అడగండి

సంపాదకుల గారికి నమస్కారం.

మీ పత్రికను నేను పెర్త్‌లో ఫోన్‌లో చదువుతాను, గూడూరు దగ్గర మా ఊళ్లో మా చిన్నాన్న కాగితం మీద చదువుతాడు. ఈ ఉత్తరం రాయడానికి కారణం ఆయనే. పోయిన సంక్రాంతికి సెలవు పెట్టి ఇంటికి వెళ్తే, నేను కాళ్లు కూడా కడుక్కోకముందే కొట్టం దగ్గరికి లాక్కెళ్లి గోనెసంచిలోంచి ఓ పెద్ద రాయి తీసి చూపించాడు. "అబ్బయా, నువ్వు పనిచేసేది ఈ రాళ్లతోనే గదా, ఇది లిథియం అవునా కాదా చెప్పు" అన్నాడు. రాయి తెల్లగా పాలగడ్డలా ఉంది. రాపూరు వైపు ఎకరంన్నర మెట్ట భూమి ఉందని, దాన్నిండా ఇవే రాళ్లని, రేపోమాపో కంపెనీ వాళ్లు దిగుతారని ఒక బ్రోకరు చెప్పాడట. మామూలు రేటుకి మూడింతలు అడిగితే చిన్నాన్న లక్షన్నర అడ్వాన్సు ఇచ్చేశాడు, పిన్నికి కూడా చెప్పకుండా. ఎందుకిచ్చావు చిన్నాన్నా అంటే జేబులోంచి మడిచి పెట్టుకున్న పేపరు ముక్క తీశాడు. దాని మీద పెద్ద అక్షరాలతో తెల్ల బంగారం అని ఉంది.

అది మీ పత్రికా ఇంకోటా అన్న గొడవ నాకొద్దు, బ్యాటరీల్లో వాడే లిథియం లోహానికి అన్ని పత్రికలూ ఆ మాటే వాడుతున్నాయి. కానీ ఆ మాట చదివి మా చిన్నాన్న ఏమనుకున్నాడంటే, లిథియం అంటే తెల్లరాయి అనుకున్నాడు. ఆయన తప్పేం లేదు. తెల్ల బంగారం అంటే తెల్లగా ఉండే విలువైన రాయి అనే కదా ఎవరికైనా తోచేది.

ఆ రాయి పలుగురాయి. చూడగానే తెలిసింది, కానీ నోటితో చెప్తే ఆయన నమ్మేలా లేడు, పైగా బ్రోకరు మీద ఆశ ఇంకా చావలేదు. అందుకని పాత ఇనుము కొనే అతని దగ్గర హుక్కు కాటా అడిగి తెచ్చి, రాయికి తాడు కట్టి తూచాం. 5 కిలోల 300 గ్రాములు. తర్వాత అదే రాయిని గాబులో నీళ్లలో మునిగేలా వేలాడదీసి మళ్లీ తూచాం, అడుగుకి తగలకుండా పిన్ని కొడుకు పట్టుకున్నాడు. 3 కిలోల 300. అంటే నీళ్లలో 2 కిలోలు తగ్గింది, రాయి పక్కకి తోసిన నీళ్ల బరువు అది. 5.3ని 2తో భాగిస్తే 2.65, అంటే రాయి నీళ్లకి 2.65 రెట్లు బరువు, పలుగురాయి సాంద్రత సరిగ్గా అంతే. గట్టి రాళ్లలోంచి లిథియం తీసేవాళ్లు ఎక్కువగా వాడే ఖనిజం పేరు స్పోడ్యుమీన్, దాని సాంద్రత 3.1 నుంచి 3.2 దాకా ఉంటుంది, అంత బరువున్న స్పోడ్యుమీన్ రాయి అయితే నీళ్లలో కిలో ఏడువందల దగ్గరే తగ్గుతుంది. చిన్నాన్న చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. పలుగురాయికీ దాని ధర దానికి ఉందనుకోండి, మా వైపు ఆ వ్యాపారం బాగానే నడుస్తోంది, కానీ లక్షన్నర ఇచ్చింది అందుకు కాదు.

నేను పెర్త్‌లో ఖనిజ పరీక్షలు చేసే ఒక ల్యాబులో 11 ఏళ్లుగా పనిచేస్తున్నాను. గనుల వాళ్లు డ్రిల్లు వేసి తీసిన రాతి కడ్డీలు పెట్టెల్లో మా దగ్గరికి వస్తాయి, వాటిలో ఏముంది, ఎంతుంది, ఎట్లా బయటికి తీయొచ్చు అని చెప్పడం మా పని. అంతకుముందు మా నాన్న సైదాపురం దగ్గర మైకా గనిలో చేశాడు. మైకాని, అంటే అభ్రకాన్ని, మా వైపు కాకిబంగారం అంటారు. చిన్నప్పుడు బడికి వెళ్లే దారంతా మెరుస్తూ ఉండేది, గోటితో లాగితే పొరపొరగా ఊడొచ్చేది. మైకా వచ్చే రాయి పెగ్మటైట్, అంటే పెద్ద పెద్ద పలుకులున్న గ్రానైట్ లాంటి రాయి, స్పోడ్యుమీన్ వచ్చే రాయి కూడా పెగ్మటైట్ జాతిదే. బ్రోకర్లు పట్టుకున్నది ఈ ముక్కనే. పెగ్మటైట్ ఉంటే లిథియం ఉంటుందని ఊదరగొడుతున్నారు. నిజానికి పెగ్మటైట్లలో చాలావాటిలో ఉండేది పలుగు, ఫెల్‌స్పార్ అనే మామూలు ఖనిజం, మైకా మాత్రమే. లిథియం చేరేది వాటిలో ఏ కొద్దిటిలోనో. చేరినా అది స్పోడ్యుమీన్‌గా ఉండొచ్చు, పెటలైట్‌గా ఉండొచ్చు, లెపిడోలైట్ అనే ఊదారంగు మైకాగా ఉండొచ్చు. ఏ ఖనిజం అన్నదాన్ని బట్టే తీసే పద్ధతి, ఖర్చు, చివరికి మిగిలే చెత్త అన్నీ మారిపోతాయి. అందుకే ఈ ఉత్తరానికి పైన ఆ పేరు పెట్టాను.

ఇంకో సంగతి కూడా అప్పుడే చిన్నాన్నకి చెప్పాను, మీరు కూడా రాస్తే బాగుంటుంది. 2023లో గనుల చట్టం మార్చాక లిథియం లాంటి కీలక ఖనిజాల బ్లాకుల్ని వేలం వేసే అధికారం కేంద్రానిదే. పొలంలో నిజంగానే లిథియం ఉన్నా, రైతు గునపం పట్టుకుని తవ్వి సంచుల్లో నింపి అమ్ముకునేది కాదు అది. ఈ ఒక్క వాక్యం ఆ రోజు వార్త కింద ఉండుంటే మా చిన్నాన్న లక్షన్నర ఇచ్చేవాడు కాదని నా నమ్మకం.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. రాయిలో లిథియం ఉందని తెలియడం మొదటి మెట్టు కూడా కాదు, ఇంటి ముందు అరుగు అనుకోండి. ఆ రాయిని బ్యాటరీ ఫ్యాక్టరీకి పనికొచ్చే తెల్లటి పొడిగా మార్చడంలోనే కష్టమంతా ఉంది. ఈ మధ్యలో జరిగే పని గురించి తెలుగులో ఎక్కడా నాలుగు ముక్కలు చదవలేదు నేను. కాబట్టి నాకు తెలిసినది రాస్తున్నాను, కాస్త పొడుగైతే మన్నించండి.

స్పోడ్యుమీన్ అంటే లిథియం, అల్యూమినియం, సిలికాన్, ఆక్సిజన్ కలిసి గట్టిగా బిగుసుకున్న రాయి. పూర్తిగా శుద్ధమైన స్పోడ్యుమీన్‌లో కూడా లిథియం ఆక్సైడ్ 8 శాతం, అంతే. గనిలో అది పలుగుతోటి ఫెల్‌స్పార్‌తోటి కలగలిసి ఉంటుంది కాబట్టి తవ్విన రాయిలో 1 శాతం, 1.2 శాతం అట్లా ఉంటుంది, 2 శాతం ఉంటే మహా గొప్ప గని కింద లెక్క. మొదట రాయిని నలగ్గొడతారు. తర్వాత పలుగు కంటే బరువైన ద్రవంలో వేస్తారు. మా ల్యాబులో అయితే చిన్న గాజు పాత్రలోనే చేస్తాం, సాంద్రత 2.9 పైన ఉండే ద్రవం పోసి రాతి నూక వేస్తే పలుగు, ఫెల్‌స్పార్ పైకి తేలతాయి, లేత ఆకుపచ్చ బూడిదరంగులో ఉండే స్పోడ్యుమీన్ అడుక్కి చేరుతుంది. మా చిన్నాన్న రాయిని దాంట్లో వేసుంటే హాయిగా పైన తేలేది. మరీ మెత్తగా ఉన్న పొడిని నూనెల నుంచి వచ్చే కొవ్వు ఆమ్లాలతో నురగ పట్టించి వేరు చేస్తారు, సబ్బునీళ్ల నురగలా ఉంటుంది, స్పోడ్యుమీన్ రేణువులు బుడగలకు అంటుకుని పైకొస్తాయి. ఇట్లా ఏరి ఏరి చివరికి 6 శాతం దగ్గరికి తెస్తారు. ఆస్ట్రేలియా నుంచి ఓడలకెక్కేది చాలావరకు ఈ 6 శాతం సరుకే.

ఇక్కడిదాకా బీచ్ ఇసుక ఏరేవాళ్లకూ, మైకా ఏరేవాళ్లకూ కాస్తోకూస్తో తెలిసిన పనే. తర్వాతది కొలిమి.

భూమిలోంచి వచ్చిన స్పోడ్యుమీన్‌ని ఆల్ఫా రూపం అంటారు. దాన్ని గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో వేసి మరగబెట్టినా దాదాపు చలించదు, అంత గట్టిగా అల్లుకుని ఉంటుంది. దాన్ని 1,050 నుంచి 1,100 డిగ్రీల దాకా కాలిస్తే లోపలి అల్లిక మారిపోయి బీటా రూపం అవుతుంది. అప్పుడు దాని ఘనపరిమాణం దాదాపు 30 శాతం పెరుగుతుంది. నేను మొదటిసారి ఈ పరీక్ష చేసిన రోజు ఇప్పటికీ గుర్తుంది. మూసలో పోసినప్పుడు ఆ నూక కత్తి మొనని గీకేంత గట్టిగా ఉంది, వేళ్ల మధ్య గాజుపెంకుల్లా గరగరలాడింది. కొలిమిలోంచి తీసి చల్లార్చాక చూస్తే మూస అంచుల దాకా పొంగి ఉంది, తెల్లబడింది, రేణువుని బొటనవేలుతో నొక్కితే పిండిలా నలిగిపోయింది. జొన్నలు మంగలంలో వేయించినప్పుడు పేలాలు అయినట్టు. స్పోడ్యుమీన్ అన్న పేరుకి గ్రీకులో బూడిదైనది అని అర్థమట, ఆ తెల్లదనం చూస్తే ఎందుకు పెట్టారో తెలుస్తుంది.

ల్యాబులో గుప్పెడు నూకకి ఇది చిన్న పని. ఫ్యాక్టరీలో పదుల మీటర్ల పొడుగున్న గొట్టం కొలిమి నెమ్మదిగా తిరుగుతూ ఉంటుంది, సిమెంటు ఫ్యాక్టరీల్లో ఉన్నట్టే, దాంట్లో గంటగంటకీ టన్నుల సరుకు పడుతూ ఉంటుంది. వేడి తక్కువైతే ఆల్ఫా అట్లాగే మిగిలిపోతుంది, అంతమేరకు లిథియం పోయినట్టే. ఎక్కువైతే ఇంకో ప్రమాదం, సరుకులో మిగిలిపోయిన మైకా, ఫెల్‌స్పార్ ముందుగా కరగడం మొదలుపెట్టి రేణువుల మీద గాజుపూతలా పట్టేస్తాయి, ఆమ్లం లోపలికి పోదు. ఇంకా ముదిరితే కొలిమి గోడకి ఉండలు ఉండలుగా అంటుకుని ఉంగరంలా గడ్డకట్టి దారే మూసుకుపోతుంది. అప్పుడు కొలిమి ఆపాలి, చల్లారే దాకా ఆగాలి, లోపలికి దిగి పగలగొట్టాలి, మళ్లీ రోజుల తరబడి వేడెక్కించాలి. ఒకసారి అట్లాంటి గడ్డ ముక్కలు మా ల్యాబుకి పరీక్షకి వచ్చాయి, ఎక్కడివో ఇక్కడ అనవసరం. నల్లగా మెరుస్తూ సీసాపెంకులా ఉన్నాయి. గనిలో మైకా సరిగ్గా ఏరకపోవడం వల్ల వచ్చిన తిప్పలు అవి. కాకిబంగారం ఏరే ఊళ్లో పుట్టిన నాకు ఆ రిపోర్టు రాస్తుంటే అదోలా అనిపించింది.

కాల్చిన పిండికి గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపి 250 డిగ్రీల దగ్గర మళ్లీ వేడిచేస్తారు. ఇప్పుడు ఆమ్లంలోని హైడ్రోజన్ లోపలికి వెళ్లి లిథియాన్ని బయటికి పంపిస్తుంది, లిథియం సల్ఫేట్ తయారవుతుంది, అది నీళ్లలో కరుగుతుంది. రాతి గుల్ల మిగిలిపోతుంది. ఆ నీళ్లలోంచి ఇనుము, అల్యూమినియం, మెగ్నీషియం, కాల్షియం ఒక్కోటిగా సున్నంతోటీ సోడాతోటీ దించాలి. చివర్న నీళ్లని 90 డిగ్రీల పైకి మరిగించి సోడా యాష్ కలిపితే లిథియం కార్బొనేట్ తెల్లటి పొడిగా కిందికి దిగుతుంది. చక్కెర, ఉప్పు వేడినీళ్లలో ఎక్కువ కరుగుతాయి కదా, ఇది తిరకాసు, నీళ్లు వేడెక్కేకొద్దీ తక్కువ కరుగుతుంది, అందుకే మరిగించి పడగొడతారు. బ్యాటరీకి అది 99.5 శాతం శుద్ధంగా ఉండాలి. మిగిలిన ఆ అర శాతంలో కూడా ఏది ఎంత ఉండొచ్చో కొనేవాళ్లు జాబితా ఇస్తారు, ఇనుప రజను లాంటివైతే వందకోట్ల వంతుల్లో లెక్కపెడతారు, ఎందుకంటే ఆ రజను బ్యాటరీలో షార్ట్ అవుతుంది. నెలకోసారి బాగా వస్తే చాలదు, ప్రతి బ్యాచ్ అట్లాగే రావాలి.

లెక్క చూడండి. 6 శాతం సరుకు టన్నులో 60 కిలోల లిథియం ఆక్సైడ్ ఉంటుంది, దారిలో పోయేది పోగా దాన్నుంచి 125 కిలోల కార్బొనేట్ రావచ్చు. అంటే టన్ను కార్బొనేట్‌కి 8 టన్నుల సరుకు. ఆ 8 టన్నుల సరుకుకి, గనిలో 1.2 శాతం రాయి అయితే, ఏరడంలో పోయేది కూడా కలుపుకుని 55 టన్నులకు పైగా రాయి తవ్వి నలగ్గొట్టాలి. మామూలు ఎలక్ట్రిక్ కారు బ్యాటరీలో 40, 45 కిలోల కార్బొనేట్‌కి సరిపడా లిథియం ఉంటుంది. అంటే ఒక కారుకి సుమారు రెండున్నర టన్నుల రాయి. ఇది రాయిలో లిథియం బాగా ఉన్న చోట లెక్క, లెపిడోలైట్ లాంటి పలచటి ఖనిజమైతే టన్ను కార్బొనేట్‌కి 150, 200 టన్నుల రాయి పడుతుంది.

ఇంత చెప్పాక ఆస్ట్రేలియా సంగతి చెప్పకపోతే కుదరదు. పెర్త్‌కి దక్షిణంగా 250 కిలోమీటర్ల దూరంలో గ్రీన్‌బుషెస్ అని చిన్న ఊరు ఉంది. 1888 నుంచి అక్కడ తగరం తవ్వారు, తర్వాత టాంటలం అనే లోహం కోసం తవ్వారు, లిథియం తీయడం 1980ల్లో మొదలైంది. 2 శాతం దగ్గర లిథియం ఆక్సైడ్ ఉన్న రాయి అది, ప్రపంచంలో గట్టిరాతి లిథియం గనుల్లో దానికి సాటి లేదు. ఇంత గని చేతిలో ఉండి కూడా ఈ దేశం ఏళ్ల తరబడి సరుకుని దాదాపు మొత్తం చైనాకే పంపింది, కాల్చడం, కడగడం అంతా అక్కడే. ఇక్కడే ఎందుకు చేయకూడదని పెర్త్ పక్కన క్వినానాలో లిథియం హైడ్రాక్సైడ్ (కార్బొనేట్ లాగానే బ్యాటరీలకి వాడే ఇంకో లిథియం పొడి) ప్లాంటు కట్టడం 2016లో మొదలుపెట్టారు, మొదటి లైను సామర్థ్యం ఏడాదికి 24,000 టన్నులు. బ్యాటరీకి పనికొచ్చే పొడి బయటికి వచ్చేసరికి 2022 అయింది. ఆ తర్వాత 2024 దాకా కూడా ఆ సామర్థ్యం అందలేదు, రెండో లైను పనులు గిట్టుబాటు కాదని 2025 జనవరిలో ఆపేశారు. మొదటి లైను తడబడింది డబ్బు లేకనా? గని లేకనా? రెండూ ఉన్నాయి. కొలిమి దగ్గరా వడపోత దగ్గరా చేయితిరిగిన మనుషులు తయారు కావడానికి ఏళ్లు పడుతుంది. చైనా వాళ్లు ఆ ఏళ్లు ముందే పెట్టేశారు, ఇవాళ ప్రపంచ లిథియం శుద్ధిలో మూడింట రెండొంతులు వాళ్ల దగ్గరే జరుగుతోంది.

ధర సంగతి అంతకంటే టెన్షన్. 2022 నవంబరులో చైనాలో టన్ను లిథియం కార్బొనేట్ ఆరు లక్షల యువాన్ల దగ్గరికి ఎక్కింది. 2025 మధ్యకి 60,000 దగ్గరికి పడిపోయింది, అంటే పదో వంతు. 2024 జనవరిలో ఆస్ట్రేలియా ఉత్తరాన ఉన్న ఫిన్నిస్ లిథియం గనిలో తవ్వకం ఆపేశారు, ఇంకొన్ని కూడా అదే దారి పట్టాయి. మా ల్యాబులో రెండు షిఫ్టులు ఒకటైపోయాయి, నాతో కూర్చునేవాళ్లలో ముగ్గురు వేరే ఉద్యోగాలు వెతుక్కున్నారు. బంగారం అని పేరు పెట్టినదాని ధర మూడేళ్లు తిరక్కుండానే పదో వంతు అవుతుందని మా చిన్నాన్నకి ఎవరూ చెప్పలేదు.

మన దేశం వార్తలకు వస్తాను. 2020లో కర్ణాటకలో మండ్య దగ్గర 14,100 టన్నుల లిథియం అని అన్నిచోట్లా వచ్చింది. మరుసటి ఏడాది పార్లమెంటులో ప్రభుత్వం చెప్పింది 1,600 టన్నులు, అది కూడా అంచనా స్థాయి. ప్రపంచం మొత్తం 2024లో తీసిన లిథియం 2 లక్షల టన్నులు దాటింది, కాబట్టి 1,600 అంటే ఎంతో మీరే చూసుకోండి. 2023 ఫిబ్రవరిలో జమ్మూకశ్మీర్ రియాసి జిల్లాలో 59 లక్షల టన్నులు అన్నారు, ఆ రోజు మా వాట్సాప్ గ్రూపులన్నీ పండగ చేసుకున్నాయి, నేనూ సంతోషపడ్డాను. కానీ ఆ 59 లక్షలు లిథియం ఉన్న ఖనిజం బరువు, లోపలున్న లిథియం బరువు దాంట్లో ఎంతో చిన్న వంతు. పైగా ఖనిజాల అన్వేషణ జీ4 నుంచి జీ1 దాకా నాలుగు మెట్లు, అది జీ3 స్థాయి, అంటే ఇంకా జీ2, జీ1 దాటితేగానీ గని అనే మాట ఎత్తకూడదు. అక్కడిది స్పోడ్యుమీన్ కూడా కాదు, బాక్సైట్‌తో కలిసిన బంకమన్ను తరహా రాయి. దాన్ని వేలానికి పెడితే సరిపడా కంపెనీలు ముందుకు రాలేదు, 2024లో రెండుసార్లు వేలం రద్దయింది. దొరికింది అన్న వార్త మొదటి పేజీలో వచ్చింది. వేలం రద్దయిందన్న వార్త మా చిన్నాన్న చదివే పేపర్లో ఎక్కడుందో ఆయనకి కనబడలేదు.

మనకి లిథియం వద్దని నేను అనడం లేదు సార్. నా బాధల్లా మనం తవ్వడం గురించే కలలు కంటూ కాల్చడం, కడగడం నేర్చుకోవడం మర్చిపోతున్నామని. విశాఖపట్నంలో ముడిచమురు బావి లేదు, అయినా 1957 నుంచి రిఫైనరీ ఉంది. చమురు బయట్నుంచి తెచ్చుకున్నాం, శుద్ధి చేసే విద్య ఇక్కడ పెంచుకున్నాం. లిథియంకి కూడా అదే పద్ధతి ఎందుకు పనికిరాదు? 6 శాతం సరుకు ఓడలో తెచ్చుకోవచ్చు, కృష్ణపట్నం రేవు మా ఊరికి గంట ప్రయాణం. మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో అమరరాజా వాళ్ల సెల్ ఫ్యాక్టరీకి 2023 మేలో శంకుస్థాపన జరిగింది, రేపు దానికి కావలసిన లిథియం పొడి ఎక్కడో ఒకచోట తయారు కావాలి కదా. జింబాబ్వే ఏం చేసిందో చూడండి, 2022 డిసెంబరులో ముడి లిథియం రాయి ఎగుమతిని ఆపేసింది, రాయి ఇక్కడే శుద్ధి చేయండి అని కంపెనీల మెడ మీద కూర్చుంది. మనకంటే ఎంతో చిన్న దేశం అది.

అయితే ఆ ఫ్యాక్టరీ నిజంగా మా రేవు పక్కన వస్తే నేనే మొదట అడిగే ప్రశ్న ఒకటుంది, గుల్ల ఎక్కడ పోస్తారు? టన్ను కార్బొనేట్‌కి 8 నుంచి 10 టన్నుల దాకా రాతి గుల్ల, జిప్సం మిగులుతాయి. హైడ్రాక్సైడ్ చేస్తే ప్రతి టన్నుకి టన్నున్నర పైన సోడియం సల్ఫేట్ వస్తుంది. గుల్లని సిమెంటులో కలపొచ్చు, ఇటుకల్లో వాడొచ్చు, కానీ కొనేవాళ్లని ముందే చూసుకోవాలి, లేకపోతే కొండలా పేరుకుంటుంది. చైనాలో యిచున్ ప్రాంతంలో లెపిడోలైట్ నుంచి లిథియం తీస్తారు, 2022 చివర్లో అక్కడి జిన్ నదిలో థాలియం అనే విషపదార్థం బయటపడి కొన్ని ఫ్యాక్టరీలు ఆపించారు. మా వైపు మైకా గుంతలు ఇప్పటికీ నీళ్లు నిండి అట్లాగే ఉన్నాయి, మూసినవాళ్లు లేరు. చిన్నప్పుడు వాటి దగ్గరికి పోవద్దని మా అమ్మ రోజూ చెప్పేది. తవ్వుకుని పోయినవాళ్ల లెక్కల్లో ఆ గుంతలు ఎక్కడా లేవు.

కాబట్టి మీ విలేకరులకి నాదొక విన్నపం. ఇకమీదట ఎక్కడైనా లిథియం దొరికిందని వార్త వస్తే, అచ్చుకి పంపేముందు ఆ అధికారిని అడగండి సార్, ఖనిజం పేరేంటి, రాయిలో లిథియం ఎంత శాతం, చెప్తున్న టన్నులు రాయివా లిథియానివా, అన్వేషణ జీ4లో ఉందా జీ1లో ఉందా, కాల్చి కడిగేది ఎవరు, గుల్ల ఎక్కడ పోస్తారు. వీటికి జవాబులు తెచ్చుకోవడానికి ఢిల్లీ దాకా పోనక్కర్లేదు. అణు ఖనిజాల అన్వేషణ సంస్థ కేంద్ర కార్యాలయం హైదరాబాద్ బేగంపేటలోనే ఉంది, లోహాల మీద పరిశోధన చేసే ఎన్‌ఎఫ్‌టీడీసీ కంచన్‌బాగ్‌లో ఉంది. వాళ్లలో ఎవరో ఒకరితో వారం వారం ఒక చిన్న శీర్షిక రాయించినా మా ఊళ్లలో చదువుతారు. రాళ్ల గురించి మా వాళ్లకి తెలియనిది కాదు, కాకిబంగారం ఏ పొరలో పగులుతుందో చూడకుండానే చెప్పే మనుషులు వాళ్లు. ఈ కొత్త రాయి గురించి నిజం నాలుగు ముక్కలు చెప్పేవాళ్లు లేకనే బ్రోకరు మాట నెగ్గింది.

చిన్నాన్న అడ్వాన్సులో యాభై వేలు వెనక్కి వచ్చాయి, మిగతా లక్ష కోసం ఇంకా తిరుగుతూనే ఉన్నాడు. ఆ వైపు ఇంకో నలుగురు ఇట్లాగే ఇచ్చారని ఆయనకి తిరుగుళ్లలో తెలిసింది. ఈ ఉత్తరం వేస్తే దయచేసి నెల్లూరు, తిరుపతి జిల్లాల పేజీలో వేయండి, అది కూడా ఆదివారం కాకుండా సోమవారం వేయండి, ఎందుకంటే రాపూరు బస్టాండులో బ్రోకర్లు కూర్చునే టీ కొట్టులో పేపరు ఎక్కువమంది చేతులు మారేది ఆ రోజే అని చిన్నాన్న చెప్పాడు.

ఇట్లు,
పెర్త్ నుంచి, గూడూరు వాడు